బత్తాయిలు, నిమ్మకాయలు, నాలుగు మొత్తాలు: దృఢ గోళాల మిశ్రమానికి పీడనం లెక్కగట్టడం ఎలా

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల జాబితాలో "దృఢ గోళాల ప్రవాహి మిశ్రమాలు" అని కనబడగానే చాలామంది ఆ లైను దాటేసి కిందికి పోతారు. పేరు చూస్తేనే బెదురు. ప్రవాహి అంటే పారే పదార్థం, ద్రవం గానీ వాయువు గానీ, అంతే. నన్నడిగితే, సాంఖ్యక భౌతికశాస్త్రంలో ఇంత తక్కువ సరంజామాతో ఇంత దూరం తీసుకుపోయే లెక్క ఇంకోటి లేదు. ఒక నోటుబుక్కు, సైంటిఫిక్ క్యాలిక్యులేటరు, అరగంట తీరిక ఉంటే చాలు, రెండు సైజుల గోళాల మిశ్రమానికి పీడనం మీరే కట్టేస్తారు. తర్వాత ల్యాప్‌టాప్ దొరికితే అది నిజమో కాదో కూడా తేల్చుకోవచ్చు. నేను నల్లగొండలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఉదాహరణకు పెద్ద గోళం బత్తాయి, చిన్న గోళం నిమ్మకాయ. బత్తాయి మా ఊరి మార్కెట్‌ది, నిమ్మ నకిరేకల్ మార్కెట్‌ది అనుకోండి.

మొదటి మెట్టు: ఏది ఉంది, ఏది లేదు అని రాసుకోండి

లెక్క మొదలుపెట్టే ముందు నోటుబుక్కు పైన నమూనా నియమాలు రాయండి. రెండే ఉంటాయి. రెండు గోళాల కేంద్రాల మధ్య దూరం వాటి వ్యాసార్ధాల మొత్తం కన్నా ఎక్కువుంటే ఒకదానికి ఇంకోదాని ఊసే పట్టదు. అంతకన్నా తక్కువ కావడానికి వీల్లేదు. ఆకర్షణ లేదు, నొక్కితే సొట్టపడటం లేదు, గురుత్వాకర్షణ లేదు.

దీనివల్ల రెండు సంగతులు వెంటనే తేలిపోతాయి. గోళాల మధ్య స్థితిజ శక్తి ఎప్పుడూ సున్నానే. కాబట్టి ఉష్ణోగ్రత పెంచితే గోళాలు జోరుగా తిరుగుతాయి, పీడనం అదే నిష్పత్తిలో పెరుగుతుంది, కానీ ఎవరి పక్కన ఎవరున్నారన్న అమరిక మాత్రం మారదు. రెండోది, ద్రవ్యరాశి. బత్తాయి నిమ్మకాయ కన్నా ఎంతో బరువు కదా, అది లెక్కలో ఎక్కడ వస్తుంది సార్ అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఎక్కడా రాదు. ఉష్ణోగ్రత తెలిశాక, సమతాస్థితి పీడనానికి వ్యాసాలు, సంఖ్యలు చాలు.

పీడనాన్ని సూటిగా రాయకుండా, దాన్ని సంఖ్యా సాంద్రత (ఒక్క యూనిట్ జాగాలో ఎన్ని గోళాలున్నాయన్నది), బోల్ట్స్‌మన్ స్థిరాంకం, ఉష్ణోగ్రత అనే మూడింటి లబ్ధంతో భాగించండి. వచ్చేదాన్ని పుస్తకాల్లో జెడ్ అంటారు, సంపీడన గుణకం. ఆదర్శ వాయువుకు జెడ్ 1. గోళాలు ఒకదానికొకటి అడ్డం వచ్చేకొద్దీ 1 నుంచి పైకి పోతుంది. మనం కట్టాల్సింది ఈ జెడ్‌నే.

ఇంత ఉత్త నమూనాతో ఏం పని అంటారా? నిజం ద్రవాల్లో అణువులు ఎలా సర్దుకుంటాయో చాలామటుకు నిర్ణయించేది వాటి గట్టి మధ్యభాగమే. ఆకర్షణను తర్వాత పైన కలుపుకుంటారు. రసాయన పరిశ్రమల వాళ్ళు సాల్వెంట్ల లెక్కలకు వాడే పీసీ-శాఫ్ట్ అనే స్థితి సమీకరణానికి (2001లో గ్రాస్, సడోవ్‌స్కీ చేసింది) పునాది రాయి మనం ఇప్పుడు కట్టబోయే ఫార్ములానే. జడ్చర్ల దగ్గర పోలేపల్లి మందుల ఫ్యాక్టరీల్లో ఉద్యోగం చూసుకునే పిల్లలకు ఈ ముక్క చెబితే కొంచెం వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటారు.

రెండో మెట్టు: అంకెలు ఎంచుకోండి

పెద్ద గోళం వ్యాసాన్ని 1 అనుకోండి. సెంటీమీటర్లతో పని లేదు, అదే మన కొలబద్ద. చిన్నదాని వ్యాసం 0.5. సంఖ్యలో సగం సగం: నూట్లో 50 బత్తాయిలు, 50 నిమ్మకాయలు. చివరిగా నిండుదల, అంటే మొత్తం జాగాలో గోళాలు నిజంగా ఆక్రమించిన భాగం. దీన్ని 0.40 తీసుకుందాం.

ఈ 0.40 ఎందుకో చెప్పాలి. ఒకే సైజు గోళాల ప్రవాహి 0.494 నిండుదల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, 0.545 దాటితే పూర్తిగా స్ఫటికం. హూవర్, రీ 1968లో కంప్యూటరు మీద తేల్చిన అంకెలివి. ఆకర్షణే లేని గోళాలు గడ్డకట్టడమేంటని అంతకుముందు చాలామంది నమ్మలేదు. 1957లో ఆల్డర్, వెయిన్‌రైట్‌లు గోళాలను కంప్యూటరులో కదిలించి చూపించాక గానీ వాదన సద్దుమణగలేదు. తర్వాత 1986లో ప్యూసీ, వాన్ మెగెన్ ద్రవంలో తేలాడే సన్నటి యాక్రిలిక్ గుండ్లతో అదే క్రమాన్ని కళ్ళకు కట్టించారు. మనకు కావలసింది ప్రవాహి కాబట్టి 0.494కి దూరంగా, అలాగని మరీ పలచగా కాకుండా ఉండే చోటు 0.40.

గోలీలు డబ్బాలో పోసి కొలిచే నిండుదల వేరు, అది దీంతో కలపొద్దు. లీటరు డబ్బా నిండా గాజు గోలీలు పోసి, సందుల్లోకి నీళ్ళు పోసి చూడండి: 400 మిల్లీలీటర్ల చుట్టుపక్కల పడతాయి. అంటే నిండుదల 0.60 దాకా ఉంది. ఎంత కుదిపినా, క్రమం లేకుండా పడినంతకాలం 0.64 దగ్గర ఆగిపోతుంది. అక్కడ గోళాలు ఇరుక్కుపోయి ఉన్నాయి, కదలట్లేదు. మన ఫార్ములా కదిలే గోళాలకు.

అయినా ఆ డబ్బా ఒక సంగతి నేర్పుతుంది. గోలీల మీద సైకిల్ బేరింగ్ గుండ్లు పోసి కుదపండి, సందుల్లోకి దిగిపోతాయి. నీళ్ళు తక్కువ పడతాయి. ఇది పాలమూరు మేస్త్రీలకు కొత్త కాదు. మా మేనమామ దేశం నలుమూలలా కాలువ పనులకు పోయొచ్చిన మనిషి. ఒక డబ్బా సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర కలిపితే ఏడు డబ్బాల కాంక్రీటు రాదు, నాలుగున్నరే వస్తుందని ఆయన వేళ్ళ మీద చెప్పేవాడు. "కంకర సందుల్ల ఇసుక, ఇసుక సందుల్ల సిమెంటు కూసుంటది బిడ్డా" అనేవాడు. సివిల్ ఇంజనీర్లు దాన్నే 1.54 గుణకం అంటారు. సైజులు కలిస్తే సర్దుబాటు సులువు అన్న ఈ మాటే కదిలే గోళాల్లో పీడనం రూపంలో ఎలా కనబడుతుందో కాసేపట్లో చూస్తాం.

మూడో మెట్టు: నాలుగు మొత్తాలు

మొత్తం సిద్ధాంతమంతా నాలుగు అంకెల్లో ఇరుక్కుని ఉంది. ముందు సగటులు కట్టండి.

వ్యాసం సగటు: (1 + 0.5)/2 = 0.75
వ్యాసం వర్గాల సగటు: (1 + 0.25)/2 = 0.625
వ్యాసం ఘనాల సగటు: (1 + 0.125)/2 = 0.5625

ఇప్పుడు సంఖ్యా సాంద్రతను π/6తో గుణించినదాన్ని మ₀ అందాం. దాన్ని పై మూడు సగటులతో వరసగా గుణిస్తే మ₁, మ₂, మ₃ వస్తాయి. గోళం ఘనపరిమాణం π/6 × వ్యాసం ఘనం కదా, అందుకని మ₃ అంటే మన నిండుదలే, 0.40. అక్కడి నుంచి వెనక్కి వస్తే:

మ₀ = 0.40/0.5625 = 0.7111
మ₁ = 0.7111 × 0.75 = 0.5333
మ₂ = 0.7111 × 0.625 = 0.4444
మ₃ = 0.4000

మ₀ గోళాల సంఖ్యను మోస్తుంది, మ₂ ఉపరితలాన్ని, మ₃ ఘనపరిమాణాన్ని. మ₁ పొడవు లాంటిది. గోళాల జాతులు రెండు కాదు, ఇరవై ఉన్నా ఈ నాలుగే. బత్తాయిలను సైజుల వారీగా ఆరు కుప్పలు పోసినా సగటుల్లో ఆరు పదాలు వస్తాయి తప్ప ఐదో మొత్తం పుట్టదు.

నాలుగో మెట్టు: ఫార్ములా

జెడ్ = 1/(1 − మ₃) + 3 × మ₁ × మ₂ / [మ₀ × (1 − మ₃)²] + (3 − మ₃) × మ₂³ / [మ₀ × (1 − మ₃)³]

దీన్ని 1970లో బౌబ్లిక్, 1971లో మన్సూరి, కార్నహాన్, స్టార్లింగ్, లీలాండ్ విడివిడిగా ఇచ్చారు. పరిశోధన పత్రాల్లో ఈ ఐదుగురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి బీఎంసీఎస్ఎల్ అని రాస్తారు. ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం తెలుసుకుని ముందుకు పోతే గుడ్డిగా వాడినట్టుండదు.

ఒకే సైజు గోళాలకు జెడ్‌ను నిండుదల ఘాతాల శ్రేణిగా రాస్తే గుణకాలు 4, 10, 18.365, 28.224, 39.815 అలా పోతాయి. మొదటి రెండు కచ్చితంగా పూర్ణాంకాలు. 18.365 వచ్చే గుణకాన్ని బోల్ట్స్‌మన్ 1899లోనే చేత్తో సాధించాడు, అది వేరే కథ. 1969లో కార్నహాన్, స్టార్లింగ్ ఏం చేశారంటే, మిగతావాటిని 18, 28, 40 అని దగ్గరి పూర్ణాంకాలు చేసేశారు. 4, 10, 18, 28, 40: ఇవి ఎన్నో పదమో దాని వర్గానికి దానికి మూడింతలు కలిపితే వచ్చేవే. ఆ వరస ప్రకారమే శ్రేణి చివరిదాకా పోతుందనుకుని కూడేస్తే ఒక ముచ్చటైన భిన్నం వచ్చింది. కిరాణా కొట్టు లెక్కలా చిల్లర సరిచేసినట్టే ఉంటుంది, కానీ కంప్యూటరు ఫలితాలకు అతుక్కున్నట్టు సరిపోయింది.

ఒక గోళం చుట్టూ మిగతావి ఎలా సర్దుకుంటాయో చెప్పడానికి పెర్కస్, యెవిక్‌లు 1958లో ఇచ్చిన సమీకరణాన్ని దృఢ గోళాలకు సాధిస్తే పీడనానికి రెండు దారుల్లో రెండు జవాబులొస్తాయి. ఒకటి నిజం కన్నా తక్కువ, ఇంకోటి ఎక్కువ. తక్కువదాన్లో మూడో వంతు, ఎక్కువదాన్లో మూడింట రెండు వంతులు కలిపితే సరిగ్గా కార్నహాన్-స్టార్లింగ్ భిన్నమే! మిశ్రమాలకు పెర్కస్-యెవిక్ జవాబును లెబోవిట్జ్ 1964లో సాధించాడు. దాని మీద అదే ఒకటికి రెండు పాళ్ళ కలపడం ప్రయోగిస్తే పైన రాసిన ఫార్ములా.

అంకెలు వేయండి. 1 − మ₃ = 0.6.

మొదటి పదం: 1/0.6 = 1.6667
రెండో పదం: 3 × 0.5333 × 0.4444 / (0.7111 × 0.36) = 2.7778
మూడో పదం: 2.6 × 0.08779 / (0.7111 × 0.216) = 1.4861
మొత్తం జెడ్ = 5.9305

మధ్యలో అంకెలను రెండు దశాంశాలకే కత్తిరించకండి. మ₂ ఘనం అవుతుంది, తప్పు మూడింతలవుతుంది. క్యాలిక్యులేటరు మెమరీ మీటలు అందుకే ఉన్నాయి.

ఐదో మెట్టు: నమ్మే ముందు నిలదీయండి

ఫార్ములా సరిగ్గా ఎక్కించుకున్నారో లేదో మూడు పరీక్షలు.

రెండు వ్యాసాలూ ఒకటే చేయండి. మ₁ × మ₂ / మ₀ నిండుదలకు సమానమవుతుంది, మ₂³/మ₀ నిండుదల వర్గం అవుతుంది, ఫార్ములా కార్నహాన్-స్టార్లింగ్ భిన్నంగా మారిపోవాలి. 0.40 దగ్గర అది (1 + 0.4 + 0.16 − 0.064)/0.216 = 6.926. మీ ప్రోగ్రాములో 6.926 రాకపోతే ముందుకు పోవద్దు.

చిన్న గోళాల వ్యాసం సున్నా చేయండి. అవి నలుసులైపోతాయి, నలుసుకు నలుసు అడ్డం రాదు, బత్తాయి లోపలికి మాత్రం పోలేదు. కాబట్టి నలుసులు మిగిలిన ఖాళీ జాగాలో ఆదర్శ వాయువులా ప్రవర్తించాలి, వాటి వాటా వాటి సాంద్రతను (1 − నిండుదల)తో భాగిస్తే రావాలి. ఫార్ములాలో చూడండి: మ₁, మ₂, మ₃లలో నలుసులు మాయమవుతాయి, మొదటి పదంలోనే మిగులుతాయి. సరిగ్గా సరిపోతుంది.

మూడోది, నిండుదలను చాలా తక్కువ చేయండి. ఒకే సైజైతే జెడ్ 1 + 4 × నిండుదల లాగా మొదలవ్వాలి. మన మిశ్రమానికి 4 బదులు 3.5 వస్తుంది: 1 + 3 × 0.75 × 0.625/0.5625. కాగితం మీదే తేలే ఈ అరే, సైజులు కలిస్తే సర్దుబాటు సులువన్న మాటకు మొదటి సాక్ష్యం.

ఆరో మెట్టు: దేన్ని దేంతో పోలుస్తున్నారు?

ఒకే సైజుకు 6.926, మిశ్రమానికి 5.931. "మిశ్రమంలో పీడనం తగ్గింది" అని రాసేస్తారు అందరూ. అది సగం నిజం. ఇక్కడే నేను మార్కులు కోస్తాను.

జెడ్ ఒక్కో గోళానికి లెక్క. అదే పెట్టెలో అదే 0.40 నిండుదలకు అన్నీ బత్తాయిలే వేస్తే గోళాలు తక్కువ పడతాయి. సగం నిమ్మకాయలైతే ఎక్కువ పడతాయి. సంఖ్యా సాంద్రత మొదటి దాంట్లో 0.764, రెండో దాంట్లో 1.358 (బత్తాయి వ్యాసం ఘనానికి ఇన్ని అని). జెడ్‌తో గుణించండి: బత్తాయిలకు 5.29, మిశ్రమానికి 8.05. అంటే పెట్టె గోడ మీద పీడనం పెరిగింది!

మరి తగ్గిందన్నది ఎక్కడ? గోళాల సంఖ్య మార్చకుండా, పెట్టె మార్చకుండా, మొత్తం గుజ్జు మార్చకుండా పోల్చినప్పుడు. అంటే ఈ బత్తాయిలను, నిమ్మకాయలను కలిపి మళ్ళీ అన్నిటినీ ఒకే సైజు కాయలుగా పంచినట్టు ఊహించుకుని పోలిస్తే, వేర్వేరు సైజులున్నప్పుడు పీడనం సుమారు 14 శాతం తక్కువ. మీ రిపోర్టులో ఏ పోలికో ఒక వాక్యంలో రాయండి. ఆ వాక్యం లేని గ్రాఫు నా దృష్టిలో పేరు లేని హాల్ టికెట్టు లాంటిది.

ఏడో మెట్టు: తాకుడు విలువలు, నా బోల్తా

పీడనానికి ఇంకో దారుంది. గోళాలు ఒకదాన్నొకటి గుద్దుకోవడమే పీడనం కాబట్టి, సరిగ్గా తాకే దూరంలో జంట దొరికే అవకాశం ఎంతో తెలిస్తే చాలు. పలచటి వాయువులో ఆ విలువ 1. చిక్కబడేకొద్దీ చుట్టూ ఉన్నవి తోసి రెండిటినీ దగ్గరికి నెడతాయి, విలువ పెరుగుతుంది. దీన్నే తాకుడు విలువ అందాం. బౌబ్లిక్ ఇచ్చిన రూపం:

తాకుడు విలువ = 1/(1 − మ₃) + 3 × మ₂ × ద/(1 − మ₃)² + 2 × మ₂² × ద²/(1 − మ₃)³

ఇక్కడ ద అంటే రెండు వ్యాసాల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించినది. పెద్ద-పెద్ద జంటకు 0.5, చిన్న-చిన్న జంటకు 0.25, పెద్ద-చిన్న జంటకు 0.3333. మన అంకెలతో:

పెద్ద-పెద్ద: 3.976
పెద్ద-చిన్న: 3.104
చిన్న-చిన్న: 2.707

పెద్దవి రెండు పక్కపక్కన ఉండటానికే మొగ్గు ఎక్కువని గమనించండి. వాటి మధ్య ఆకర్షణేమీ లేదు, జాగా కోసం మిగతావాళ్ళ తోపులాట అది.

ఇప్పుడు జెడ్ = 1 + 4 × మ₀ × (ప్రతి జంటకూ: రెండు జాతుల భాగాలు × తాకే దూరం ఘనం × తాకుడు విలువ, అన్నీ కూడితే). పెద్ద-పెద్ద 0.25 × 1 × 3.976 = 0.9939. చిన్న-చిన్న 0.25 × 0.125 × 2.707 = 0.0846. పెద్ద-చిన్నకు తాకే దూరం 0.75, ఘనం 0.4219.

ఈ లెక్క నేను మొదటిసారి చేసినప్పుడు పెద్ద-చిన్నకు 0.25 × 0.4219 × 3.104 = 0.3274 వేశాను. మొత్తం 1.4060. నాలుగు మ₀లతో, అంటే 2.8444తో గుణిస్తే 3.999. ఒకటి కలిపితే 5.00. ఎంత ముచ్చటైన అంకె! అంత గుండ్రంగా వచ్చింది కదా, ఇదే నిజం, పై ఫార్ములాలోనే ఏదో తప్పుందని రెండు రోజులు ఆ ఫార్ములాను తవ్వాను. మూడో రోజు సంతలో కొత్తిమీర కొంటుంటే తట్టింది: పెద్ద-చిన్న జంట రెండుసార్లు రావాలి. బత్తాయి నిమ్మకాయను గుద్దడం ఒకటి, నిమ్మకాయ బత్తాయిని గుద్దడం ఒకటి, మొత్తంలో రెండు పదాలు. 0.6548 వేస్తే మొత్తం 1.7334, జెడ్ 5.9305. నాలుగో మెట్టులో వచ్చినదే, నాలుగో దశాంశం దాకా. అప్పటి నుంచి గుండ్రటి అంకె కనబడితే నాకు ముందు అనుమానమే పుడుతుంది.

రెండు దారులూ కలిశాయంటే మీ అంకగణితం సరైందని అర్థం. ప్రకృతి ఒప్పుకుందని కాదు. దానికి తర్వాతి మెట్టు.

ఎనిమిదో మెట్టు: ల్యాప్‌టాప్‌లో మాంటే కార్లో

మాంటే కార్లో అంటే గోళాలను లాటరీ వేసినట్టు కదిలిస్తూ లెక్కగట్టే పద్ధతి. 1953లో మెట్రోపొలిస్ బృందం ఈ పద్ధతిని మొదట ప్రయోగించింది దృఢ బిళ్ళల మీదే. కాబట్టి మీరు మొదటి ప్రోగ్రాము దీనితోనే రాయడం న్యాయం.

పెట్టెలో గోళాలను ఎలా నింపాలన్నది మొదటి చిక్కు. యాదృచ్ఛికంగా ఒక్కొక్కటే వేస్తూ, తగిలితే తీసేస్తూ పోదామనుకుంటారు. ఒకే సైజు గోళాలకు అలా వేస్తే 0.38 నిండుదల దగ్గరే జాగా అయిపోతుంది. ఆ తర్వాత ప్రోగ్రాము రాత్రంతా తిరిగినా ఒక్కటి పట్టదు. మిశ్రమానికి కొంచెం నయమే అయినా 0.40కి ఆ దారి పట్టకండి.

ఉప్పు స్ఫటికం గుర్తు తెచ్చుకోండి. 8 × 8 × 8, మొత్తం 512 చోట్లున్న ఘనాకార జాలకంలో ఒకటి విడిచి ఒకటి పెద్దది, చిన్నది పెట్టండి. 256 బత్తాయిలు, 256 నిమ్మకాయలు. సాంద్రత 1.358 కావాలి కాబట్టి పెట్టె భుజం 7.224. పక్కపక్క చోట్ల దూరం 0.903, పెద్ద-చిన్న తాకే దూరం 0.75, తగలవు. పెద్ద-పెద్ద దగ్గరి దూరం మూలగా 1.277, అవీ తగలవు. భుజానికి 8 అని సరిసంఖ్య ఎందుకంటే, పెట్టె ఒక గోడ దాటిన గోళం ఎదుటి గోడ నుంచి లోపలికొస్తుంది. 7 అయితే అక్కడ పెద్దది పెద్దదాని పక్కన పడి 0.903 దూరంలో ఒకదాన్లో ఒకటి దూరుతుంది.

తర్వాత పని యంత్రం పని. ఒక గోళాన్ని లాటరీ వేసి ఎంచుకోండి, మూడు దిక్కుల్లోనూ కొంచెం జరపండి, ఎవరికైనా తగిలితే వెనక్కి పెట్టేయండి, తగలకపోతే కొత్త చోటే ఖాయం. శక్తి లేదు కాబట్టి ఘాతాంకాల లెక్క కూడా లేదు, అవును లేదా కాదు, అంతే. జరిపే దూరాన్ని సుమారు మూడో వంతు నుంచి సగం దాకా ప్రయత్నాలు నెగ్గేలా సర్దుకోండి. దూరాలు కొలిచేటప్పుడు ప్రతి గోళానికీ గోడల అవతల కూడా నకళ్ళున్నట్టు అనుకుని, వాటిలో దగ్గరిదాన్నే చూడాలి. ఇది మరిచిపోతే గోడల దగ్గర గోళాలు ఒకదాన్లో ఒకటి దూరిపోతాయి, ప్రోగ్రాము మాత్రం ఏ ఫిర్యాదూ చెయ్యదు.

512 ప్రయత్నాలను ఒక విడత అనుకోండి. మొదటి కొన్ని వేల విడతలు పారేయండి, ఉప్పు స్ఫటికం చెదిరి ప్రవాహి కావాలి. చెదిరిందో లేదో కళ్ళతో చూసుకోండి: జంటల దూరాల పట్టీ (ఒక్కో దూరంలో ఉన్న జంటల సంఖ్యను, ఏ అమరికా లేకపోతే ఉండాల్సిన సంఖ్యతో భాగించింది) గీస్తే దూరంగా పోయేకొద్దీ ముళ్ళన్నీ అణగి 1 దగ్గర చదునవ్వాలి. ఆ తర్వాత అదే పట్టీ నుంచి ఒక్కో జంటకు తాకుడు విలువ తీయండి. సరిగ్గా తాకే దూరంలో కొలవలేం, అందుకే దాని పక్కన 0.01 వెడల్పు గళ్ళు నాలుగైదు తీసుకుని, గీతను వెనక్కి పొడిగించి తాకే చోటుకు చేర్చండి. మొదటి గడి విలువనే వాడేస్తే జెడ్ తక్కువొస్తుంది, ఎందుకంటే అక్కడ వక్రం నిటారుగా దిగుతుంటుంది.

3.98, 3.10, 2.71 దగ్గరదగ్గరగా వస్తే మీ పని అయినట్టే. కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా, ప్రతి వెయ్యి విడతలకూ గోళాల చోట్లను ఫైల్లో దాచుకునే నాలుగు లైన్లు రాయడం మరిచిపోకండి. ఎండాకాలంలో నాకు ఈ నాలుగు లైన్లే ఎక్కువ అక్కరకొచ్చాయి.

తొమ్మిదో మెట్టు: ఎక్కడ ఆగాలో తెలుసుకోండి

వ్యాసాల నిష్పత్తి రెండు మూడింతల్లో ఉన్నంతవరకు, ప్రవాహి గడ్డకట్టే దాకా ఈ ఫార్ములాను నిశ్చింతగా వాడొచ్చు. అయితే బత్తాయిల మధ్య ఆవాలు పోసినట్టు నిష్పత్తి పదింతలకు పోయిందనుకోండి, పెద్ద-పెద్ద తాకుడు విలువను పై సూత్రం బాగా తక్కువ చేసి చెబుతుంది. రెండు బత్తాయిలు దగ్గరపడితే వాటి మధ్య సందులోకి ఆవగింజ పోలేదు. బయటి నుంచి ఆవాలు తోస్తాయి, లోపలి నుంచి తోసేవి లేవు. ఆకర్షణ లేని చోట ఆకర్షణలా కనబడే ఈ బలాన్ని అసాకురా, ఊసావా 1954లో పట్టుకున్నారు.

ఇది ఎంత దూరం పోతుందంటే, మిశ్రమం నూనె-నీళ్ళలా విడిపోతుందా అన్న ప్రశ్న పుట్టింది. పెర్కస్-యెవిక్ సమీకరణం ప్రకారం ఎన్నటికీ విడిపోదని 1964లో లెబోవిట్జ్, రౌలిన్‌సన్ చూపించారు. ఇరవై ఏడేళ్ళు అదే మాట చెల్లింది. 1991లో బిబెన్, హాన్సెన్ ఇంకా మంచి సమీకరణంతో చూసి, సైజుల తేడా బాగా ఎక్కువైతే విడిపోవచ్చన్నారు. 1999లో డైక్‌స్ట్రా, వాన్ రోయ్, ఎవాన్స్ ఇంకో మెలిక పెట్టారు: రెండు ప్రవాహులుగా విడిపోకముందే పెద్ద గోళాలు స్ఫటికమైపోతాయని. కాబట్టి మన నాలుగు మొత్తాల ఫార్ములాతో విడిపోవడం గురించి తీర్పు చెప్పకండి. గోడ దగ్గర, సన్నటి రంధ్రంలో గోళాలు ఎలా పేరుకుంటాయన్నదానికీ ఇది చాలదు. దానికి రోసెన్‌ఫెల్డ్ 1989లో కట్టిన సాంద్రతా ప్రమేయ సిద్ధాంతం చదవాలి. చదివేటప్పుడు ఈ నాలుగు మొత్తాలే వేరే వేషంలో ఎదురొస్తాయి, కొత్తగా అనిపించదు.

మీకు మీరే చేసి చూసుకోవడానికి

నిండుదల 0.40, వ్యాసాలు 1, 0.5. పాళ్ళు మాత్రం మార్చండి. ఒక బత్తాయికి మూడు నిమ్మకాయలైతే సగటులు 0.625, 0.4375, 0.34375; జెడ్ 5.683 రావాలి. ఒకటికి తొమ్మిదైతే 0.55, 0.325, 0.2125, జెడ్ 5.935. ఒకటికి ఒకటైతే 5.931 అని మనకు తెలుసు. ఒకటి-ఒకటి, ఒకటి-తొమ్మిది దాదాపు ఒకే అంకె ఇచ్చాయి, మధ్యలో గుంట ఉంది. ఆ గుంట అడుగు ఎన్ని నిమ్మకాయల దగ్గరుందో కనుక్కోండి.

ఇదే ప్రశ్న నేనోసారి మార్కెట్‌లో లారీ నింపుతున్న హమాలీని అడిగాను. ఆయన క్రేటు కింద పెట్టకుండానే అన్నాడు: "పెద్దగాయ ఒకటేస్తే చిన్నయి రెండు మూడు సందుల్ల దిగుతయ్ సారూ. అంతకన్న ఎక్కువేస్తే చిన్నగాయలకే సందులయితయ్." ఆయన చెప్పింది ఇరుక్కున్న కాయల సంగతి, మనది కదిలే గోళాల సంగతి. మీ జవాబు ఆయన జవాబుకు ఎంత దూరంలో పడిందో పక్కన రాసిపెట్టుకోండి.